నడిరేయి పసిబిడ్డ ఏడుపు

నెల దాటిన పసిబిడ్డ రాత్రి ఏ పన్నెండు గంటలకో కెవ్వుమని ఏడుపు లంకించుకొంటుంది. తల్లి పాలిస్తుంది. బిడ్డ తాగి, కాసేపు ఊరుకొని, పడుకోబెట్టగానే మళ్ళీ మొదలుపెడుతుంది. అమ్మమ్మ దిష్టి అంటుంది. పక్కింటావిడ తల్లికి పాలు చాలడం లేదంటుంది. తాతగారు కడుపునొప్పి అని తీర్పు చెబుతారు. తలా ఒక కారణం చెప్పినా, చాలా సందర్భాలలో అసలు కారణం ఈ మూడింటిలోనూ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న శిశువు రాత్రివేళ మేలుకొనడం వ్యాధి కాదు. పెద్దల నిద్ర ఒక తీరు, శిశువు నిద్ర మరొక తీరు. ఆ తేడా తెలిసిన ఇంట్లో బిడ్డను ఊరుకోబెట్టడం కొంత సులువవుతుంది. అంతకంటె ముఖ్యంగా, బిడ్డకు హాని చేసే పనులు తప్పిపోతవి.

అప్పుడే పుట్టిన శిశువు రోజుకు 16 గంటల వరకు నిద్రపోతుంది. లెక్కకు ఇది పెద్దల నిద్రకు రెట్టింపు. అయినా ఇంటిల్లిపాదికీ నిద్ర కరవు కావడానికి కారణం, ఆ 16 గంటలూ ఒకచోట లేకపోవడమే. రెండు గంటలు ఇక్కడ, మూడు గంటలు అక్కడ, రేయింబవళ్ళ భేదం లేకుండా అవి చెదరి ఉంటవి. 

నిద్ర లోపలి నిర్మాణం కూడ వేరు. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, ఆచార్య నథానియెల్ క్లైట్‌మన్ సూచనపై నిద్రపోతున్న శిశువుల కనురెప్పలను గంటల తరబడి గమనించాడు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు కొంతసేపు చకచక కదిలి, కొంతసేపు నిలిచిపోవడం అతనికి కనిపించింది. దరిమిలా పెద్దలలోను ఇదే కనిపించింది. 1953లో ఆ ఇద్దరూ ప్రకటించిన ఈ విషయమే నేటి నిద్రాశాస్త్రానికి పునాది. కళ్ళు కదిలే ఘట్టాన్ని సక్రియ నిద్ర అని, తక్కినదానిని ప్రశాంత నిద్ర అని శిశువుల విషయంలో వ్యవహరిస్తారు. ఈ రెండూ కలిసిన ఒక చక్రం పెద్దలలో సుమారు 90 నిమిషాలు. పసికందులలో 50, 60 నిమిషాలు మాత్రమే. పెద్దల నిద్రలో సక్రియభాగం అయిదోవంతు, నాలుగోవంతు ఉంటే, నవజాత శిశువులో అది సగం. 

ఈ అంకెలలో రాత్రివేళకు పనికివచ్చే సంగతి ఒకటున్నది. సక్రియ నిద్రలో శిశువు కదలకుండా పడి ఉండదు. కాళ్ళు చేతులు విదిలిస్తుంది, మూలుగుతుంది, ముఖం చిట్లిస్తుంది, చప్పరిస్తుంది, ఒక్కొక్కప్పుడు రెప్పలు సగం తెరచి కెవ్వుమంటుంది కూడ. అయినా అది నిద్రలోనే ఉన్నది. కంగారుపడి వెంటనే ఎత్తుకొంటే, నిద్రపోతున్న బిడ్డను చేజేతులా లేపినట్లే అవుతుంది. ఒక్క నిమిషం చేయి మీద వేసి ఊరక చూస్తే, మూలుగు తగ్గి ప్రశాంత నిద్రలోకి జారుకోవడం చాలాసార్లు కనబడుతుంది. జారుకోక ఏడుపు పెరుగుతున్నదంటే, అప్పుడు బిడ్డ నిజంగా మేలుకొన్నట్లు. పెద్దలు నిద్రపోగానే మొదట ప్రశాంత నిద్రలోకి వెడతారు గాని, రెండు మూడు నెలల లోపు శిశువు తిన్నగా సక్రియ నిద్రలోకే ప్రవేశిస్తుంది. చేతుల్లో కళ్ళు మూసిన బిడ్డను వెంటనే పక్కమీద వేస్తే కేరుమనడంలో వింత లేదు. 

రాత్రి, పగలు అనే భేదం బిడ్డకు ఎప్పుడు తెలుస్తుంది? మెదడులో, రెండు కళ్ళనుంచి వచ్చే నాడులు కలిసే చోటికి కొంచెం పైన, వడ్లగింజ కంటె చాలా చిన్నదైన నాడీకణాల గుంపు ఒకటున్నది. శరీరానికి గడియారం ఇదేనని 1972లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో తేలింది. పగటి వెలుతురు కంటిద్వారా ఈ గడియారాన్ని సరిదిద్దుతూ ఉంటుంది. చీకటి పడగానే పినియల్ గ్రంథి మెలటోనిన్ అనే రసాయనాన్ని స్రవించేటట్లు చేసేదీ ఇదే. (మెలటోనిన్‌ను 1958లో ఆరన్ లెర్నర్ బృందం పశువుల పినియల్ గ్రంథులనుంచి వేరుచేసింది.) తల్లి గర్భంలో శిశువుకు తల్లి మెలటోనిన్ అందుతుంది. పుట్టిన తరువాత అది ఆగిపోతుంది. బిడ్డ స్వంత మెలటోనిన్ రాత్రివేళ చెప్పుకోదగినంతగా ఊరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు “రాత్రికి పగలు, పగలుకు రాత్రి చేసిందమ్మా” అన్న ఫిర్యాదు సహజమే. తల్లిపాలలో మాత్రం రాత్రివేళ మెలటోనిన్ ఉంటుంది, పగటివేళ దాదాపు ఉండదు. పగలు బిడ్డను ఎండపొడకు దూరంగా, వెలుతురు వచ్చే వసారాలోనో కిటికీ దగ్గరనో ఉంచడం, రాత్రి పాలిచ్చేటప్పుడు పెద్దదీపం వెలిగించకపోవడం, ఆ వేళ ముచ్చట్లు ఆటలు మానడం ఈ గడియారానికి తోడ్పడే పనులు. చేతిలోని సెల్‌ఫోను వెలుగుకూడ దీపం కిందకే వస్తుంది.

ఆకలి మాట. పసిబిడ్డ రాత్రి మేలుకొనడానికి మొట్టమొదట చూడవలసిన కారణం ఇదే. పుట్టిన బరువుకు రెట్టింపు బరువు శిశువుకు సుమారు అయిదు నెలల్లో వస్తుంది. ఇంత వేగంగా మనిషి మరే వయసులోను పెరగడు. జీర్ణకోశమా, చిన్నది, తల్లిపాలు త్వరగా అరుగుతవి. కనుక రెండు మూడు గంటలకు ఆకలి వేయడం లెక్క ప్రకారం జరిగేదే. పైగా, పాలు ఊరడానికి కారణమైన ప్రొలాక్టిన్ అనే హార్మోను తల్లి శరీరంలో రాత్రివేళ హెచ్చుగా ఉంటుంది. మొదటి మాసాలలో రాత్రి పాలివ్వడం మానితే పగటిపాలు కూడ తగ్గే అవకాశమున్నది. “పాలు చాలడం లేదు” అన్న మాట మాత్రం ఏడుపును చూసి అనదగినది కాదు. దానికి వేరే కొలతలున్నవి. మొదటివారం గడచిన తరువాత బిడ్డ రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడుపుతూ, వారం వారం బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్లే. ఈ తూకం చూడకుండా, ఏడుపు ఒక్కదానినే పట్టుకొని డబ్బాపాలు మొదలుపెట్టిన ఇళ్ళలో, బిడ్డ రొమ్ము తాగడం తగ్గి, నిజంగానే పాలు చాలని స్థితి వస్తుంది. 

కడుపు నిండి, గుడ్డ పొడిగా ఉండి, ఉక్క లేక, చీమ దోమ కుట్టక కూడ ఏడ్చే బిడ్డ సంగతి ఏమిటి? అమెరికాలో బ్రేజెల్టన్ అనే శిశువైద్యుడు 80 మంది శిశువుల తల్లులచేత రోజూ ఏడుపు లెక్క వ్రాయించి 1962లో ప్రకటించాడు. ఏడుపు రెండవ వారంనుంచి పెరుగుతూ పోయి, ఆరవ వారంలో రోజుకు సుమారు రెండుముప్పావు గంటలకు చేరి, తరువాత తగ్గుముఖం పట్టి, మూడునెలలకు గంట లోపుకు దిగింది. ఇది వ్యాధిగ్రస్తుల లెక్క కాదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల లెక్క. ఈ ఏడుపులో ఎక్కువ భాగం సాయంకాలంనుంచి పొద్దుపోయేదాకా ఉంటుంది. 

మన ఇళ్ళలో సంధ్యవేళ బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే దిష్టి తగిలిందని ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. సంధ్యవేళ ఏడుపు హెచ్చన్న పరిశీలన మాత్రం నూటికి నూరుపాళ్ళు సరియైనదే. తెలుగు అమ్మమ్మలు బ్రేజెల్టన్‌కు ముందే కనిపెట్టినారు. దిష్టి తీసేంతసేపు ఎవరో ఒకరు బిడ్డను భుజాన వేసుకొనే ఉంటారు. ఏడుపు ఎటూ ఒకవేళకు తగ్గవలసిందే. ఫలితం మాత్రం ఉప్పుకు దక్కుతుంది. మిరపకాయల పొగ పసికందు ఊపిరితిత్తులకు మంచిది కాదన్నది వేరే సంగతి.

ఆఫ్రికాలో, బోట్స్వానా ప్రాంతపు కుంగ్ జాతివారు రోజంతా బిడ్డను ఒంటికి కట్టుకొని తిరుగుతారు, అడిగినప్పుడల్లా పాలిస్తారు. అక్కడి శిశువుల ఏడుపును లెక్కించి 1991లో ప్రకటించిన వ్యాసంలో రెండు విషయాలు తేలినవి. ఏడ్వడం మొదలుపెట్టే పర్యాయాలు పడమటి దేశాల శిశువులకూ వీరికీ ఇంచుమించు సమానమే. కాని ఏడ్చిన మొత్తం కాలం వీరిలో సుమారు సగం. అనగా ఏడుపు పుట్టడం పెంపకం వల్ల కాదు; అది ఎంతసేపు సాగుతుందన్నది మాత్రం పెంపకాన్నిబట్టి కొంత మారుతుంది. మాంట్రియల్‌లో 1986లో 99 మంది శిశువులపై జరిగిన ప్రయోగంలో, రోజూ అదనంగా ఎత్తుకొన్న బిడ్డలు ఆరవ వారంలో 43 శాతం తక్కువ ఏడ్చినారు. లండన్‌లో తరువాత జరిగిన ఇట్టి ప్రయోగంలో మాత్రం ఆ ప్రయోజనం కనబడలేదు. కనుక ఎత్తుకోవడం సర్వరోగ నివారిణి అనుకోరాదు. అయితే “ఎత్తుకొంటే అలవాటు పడుతుంది, ఏడ్వనీ” అని మూడు నెలల పిల్లను వదలివేయడానికి కూడ ఆధారం లేదు. 

ఎత్తుకొని ఎట్లా ఊరుకోబెట్టవలె? పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మెడపట్టి నోట కరచుకొని పోయేటప్పుడు కూనను గమనిస్తే, అది అరవదు, గింజుకోదు. కాళ్ళు ముడుచుకొని వేలాడుతుంది. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కుమీ కురోదా బృందం, ఎలుక పిల్లలోను మానవశిశువులోను ఇదే ప్రతిక్రియ ఉన్నదని 2013లో చూపింది. తల్లి బిడ్డను ఎత్తుకొని కూర్చున్నప్పటికంటె, ఎత్తుకొని నడిచినప్పుడు బిడ్డ కదలికలు, ఏడుపు తగ్గినవి. గుండె కొట్టుకొనే వేగం క్షణాలలో తగ్గింది. వేదాంతులు చెప్పే మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలు రెండూ మనిషిబిడ్డలో ఉన్నవనవచ్చు. అరచేతిలో వేలు పెడితే పట్టుకొనే లక్షణం కోతిపిల్లది. మోసుకొని పోతుంటే కిమ్మనకుండా ఉండే లక్షణం పిల్లికూనది. 

అదే బృందం 2022లో 21 మంది శిశువుల గుండె వేగాన్ని కొలుస్తూ మరొక ప్రయోగం చేసింది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకొని, ఆగకుండా, ఒకే వేగంతో అయిదు నిమిషాలు నడిస్తే ఏడుపు ఆగింది. దాదాపు సగంమంది నిద్రపోయినారు. ఊరక ఎత్తుకొని కూర్చుంటే ఈ ఫలితం రాలేదు. నిద్రపోయినవారిని వెంటనే పడుకోబెడితే మూడోవంతుకు పైగా మళ్ళీ లేచినారు. లేవడానికి కారణం వీపు పక్కకు తగలడం కాదనీ, బిడ్డ ఒళ్ళు తల్లి ఒంటినుంచి విడివడే క్షణంలోనే గుండె వేగం హెచ్చుతున్నదనీ తేలింది. కాని నిద్రపట్టిన తరువాత అయిదునుంచి ఎనిమిది నిమిషాలు అట్లాగే ఎత్తుకొని కూర్చొని, ఆపైన పడుకోబెట్టిన శిశువులు లేవడం తక్కువ. నడక అయిదు నిమిషాలు, కూర్చోవడం ఎనిమిది నిమిషాలు. గడియారం చూసి చేయదగిన పని. తండ్రికిగాని తాతకుగాని అప్పగించదగిన పని కూడ. అంతసేపు తల్లి కన్ను మూయవచ్చు. దించేటప్పుడు తలకంటె ముందు పిరుదులు, నడుము ఆన్చి, తలను నెమ్మదిగా దించి, చేయి కాసేపు రొమ్ముమీద ఉంచితే, పడిపోతున్నట్లు ఉలికిపడి చేతులు చాచడం తగ్గుతుంది. ఈ ఉలికిపాటును 1918లో ఎర్నెస్ట్ మోరో అనే వైద్యుడు వర్ణించాడు. నాలుగైదు నెలలకు అది దానంతట పోతుంది. 

నడకకు బదులు ఉయ్యాల మనకు తరతరాల సాధనం. లోపలి చెవిలో అర్ధవృత్తాకారపు గొట్టాలు, వాటి పక్కనే కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పొదిగిన చిన్న సంచులు ఉన్నవి. తల ఎటు కదిలిందీ, ఎటు వాలిందీ మెదడుకు తెలిపేవి ఇవే. స్ఫటికాల ఏర్పాటు పుట్టుకతో పనిచేయని ఎలుకలను ఊపితే వాటి నిద్రలో మార్పు రాలేదు. మామూలు ఎలుకలు మాత్రం త్వరగా నిద్రపోయినవి. 2019లో స్విట్జర్లాండులో జరిగిన ఈ ప్రయోగంవల్ల, జోకొట్టడం పనిచేసేది చెవి ద్వారా అని, పాట లేకపోయినా పనిచేస్తుందని తెలిసింది. అదే సంవత్సరం అక్కడే పెద్దవారిని నాలుగు సెకండ్లకు ఒక ఊపు చొప్పున ఊపితే వారు త్వరగా, గాఢంగా నిద్రపోయినారు. ఎలుకలకు మాత్రం దానికి నాలుగింతల వేగం కావలసివచ్చింది.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇక్కడ ఒక లెక్క వేయవచ్చు. దూలానికి కట్టిన ఉయ్యాల ఒక లోలకమే. డోలన కాలం తాటి పొడవు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. బిడ్డ బరువుతో నిమిత్తం లేదు. ఒక మీటరు తాడుకు రెండు సెకండ్లు, రెండు మీటర్లకు సుమారు 2.8 సెకండ్లు, నాలుగు సెకండ్లు కావాలంటే నాలుగు మీటర్లు. పెద్దవారికి హాయిగా తోచే ఊపుకు మండువా లోగిలి ఎత్తు కావాలన్నమాట! బిడ్డను ఎత్తుకొని నడిచే నడక సెకనుకు రెండడుగుల లోపు ఉంటుంది. ఉయ్యాలకంటె అది వేగమైన ఊపు. ఉయ్యాలకు లొంగని బిడ్డ నడకకు లొంగడంలో దీని పాలు కొంత ఉండవచ్చు. 

ఉయ్యాలవల్ల నిద్రపట్టిన తరువాత బిడ్డను చదునైన, గట్టి పక్కమీదికి మార్చడం మేలు. చీరతో కట్టిన ఉయ్యాలలో వీపు వంగి, గడ్డం రొమ్ముకు ఆని, గాలి ఆడకపోయే ప్రమాదమున్నది. వదులైన నులకమంచానికీ అదే దోషం. పక్కమీద బిడ్డను వెల్లకిల పడుకోబెట్టవలె. ఇరవయ్యవ శతాబ్ది మధ్యలో పడమటి దేశాల వైద్యులు బోర్ల పడుకోబెట్టమని సలహా ఇచ్చినారు; బోర్ల పడుకొన్న బిడ్డ గాఢంగా నిద్రపోతుంది, తక్కువగా ఉలికిపడుతుంది. ఆ గాఢ నిద్రలోనే వేలాది శిశువులు ఏ రోగమూ లేకుండా తెల్లవారేసరికి మరణించినారు. కారణం గుర్తించి, బ్రిటన్‌లో 1991లోను, అమెరికాలో 1994లోను వెల్లకిల పడుకోబెట్టమని ప్రచారం ప్రారంభించగా ఇట్టి మరణాలు సగానికి పైగా తగ్గినవి. దిండ్లు, బొంతలు, బొమ్మలు బిడ్డ ముఖం దగ్గర ఉండరాదు. పొత్తిళ్ళలో చుట్టవచ్చుగాని, కాళ్ళు లోపల ముడుచుకొనే వీలుండవలె. బోర్లపడడానికి ప్రయత్నం మొదలుకాగానే చుట్టడం మానవలె. పడక తల్లి గదిలోనే, తల్లి చేతికందేంత దగ్గరలో ఉండడం మంచిది. పొగతాగినవారు, మద్యం సేవించినవారు, మత్తుమందు వేసుకొన్నవారు బిడ్డ పక్కన పడుకోనేకూడదు. 

ఏడుపుకు మందు వేసే అలవాటు కొత్తది కాదు, ఒక దేశానిదీ కాదు. బొంబాయి మిల్లుల్లో పనికి పోయే తల్లులు ఒకప్పుడు నల్లమందు చేర్చిన ‘బాలగోళీలు’ వేసి పిల్లలను పడుకోబెట్టి పోయేవారు. అమెరికాలో 1849నుంచి అమ్ముడైన ‘మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్’లో నల్లమందునుంచి తీసిన మార్ఫిన్ ఉండేది. ఆ సీసా ఎందరో శిశువులను శాశ్వతంగా నిద్రపుచ్చింది. 1906 నాటి చట్టంతో సీసాపై ఆ విషయం వ్రాయక తప్పలేదు. 1851లో ఇంగ్లండులో పుట్టిన గ్రైప్‌వాటర్‌లో చాలా కాలం ఆల్కహాలు ఉండేది. ఇప్పటివాటిలో అది లేకపోయినా, ఆరు నెలలవరకు తల్లిపాలు తప్ప నీళ్ళు సైతం అవసరం లేనప్పుడు ఆ సీసాతో పనిలేదు. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించడం కూడ ప్రమాదమే. తేనెలో ఒక్కొక్కప్పుడు ఉండే బోట్యులిజం సూక్ష్మజీవుల బీజాలు పెద్దల పేగులో సాధారణంగా మొలకెత్తలేవుగాని, శిశువు పేగులో మొలకెత్తి విషాన్ని పుట్టించగలవు.

అన్నిటికంటె ఘోరమైన ప్రమాదం చేతుల్లోనే ఉన్నది. గంటలతరబడి ఊరుకోని బిడ్డను, నిద్రలేక విసిగిన పెద్దవారు చంకలకింద పట్టుకొని “ఊరుకో” అని గట్టిగా కుదపడం జరుగుతుంది. పసిబిడ్డ తల బరువైనది, మెడ బలహీనమైనది. కుదిపినప్పుడు మెదడు కపాలంలో ముందువెనుకలకు కదిలి, దానిపై ఉన్న సన్నని రక్తనాళాలు తెగుతవి. బయట ఒక్క గాయం కనబడకుండా లోపల ఇట్టి రక్తస్రావం జరగవచ్చునని 1971లో గత్‌కెల్చ్ అనే బ్రిటిష్ వైద్యుడు వెల్లడించాడు. చూపు పోవచ్చు, బుద్ధిమాంద్యం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఏడుపు పరాకాష్ఠకు చేరే రెండో నెలను అనుసరించే ఇట్టి సంఘటనలు హెచ్చుతవి. సహనం నశిస్తున్నదని తోచినప్పుడు బిడ్డను వెల్లకిల పక్కమీద పడుకోబెట్టి, పది నిమిషాలు బయటి వసారాలో తిరిగి రావడమో, మరొకరిని లేపడమో తప్పు కాదు. ఆ పది నిమిషాల ఏడుపువల్ల ఏ బిడ్డకూ హాని లేదు. 

వైద్యునికి చూపవలసిన ఏడుపు వేరు. కాశ్యపసంహితలో వేదనాధ్యాయం అని ఒకటున్నది. మాట రాని బిడ్డకు ఎక్కడ నొప్పో దాని చేష్టలనుబట్టి తెలుసుకొనే పద్ధతి అందులో ఉన్నది. చెవిపోటు ఉన్న బిడ్డ చేతులతో చెవులు తాకుతుందనడం ఆ గ్రంథంలోని పరిశీలనలలో ఒకటి. మూడు నెలల లోపు శిశువుకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం ఉంటే తెల్లవారేదాకా ఆగరాదు. పాలు ముట్టకపోవడం, పచ్చని వాంతి, మాడు ఉబ్బడం, ఒళ్ళు వాలిపోవడం, ఎన్నడూ లేని సన్నని కీచు ఏడుపు కూడ అట్టివే. ఉండి ఉండి కాళ్ళు పొట్టకు ముడుచుకొని అరచి, మధ్యమధ్య సొమ్మసిల్లి, ఎర్రని జిగట విరేచనం అవుతుంటే, పేగు పేగులోకి చొచ్చుకొని పోయిందేమోనని అనుమానించవలె. దానికి గంటలలో చికిత్స జరగవలె. 

ఈ రాత్రులు ఎన్నాళ్ళు? లండన్‌లో మూర్, ఉకో అనే పరిశోధకులు 160 మంది శిశువులను పరిశీలించి 1957లో ప్రకటించిన లెక్క ప్రకారం, అర్ధరాత్రినుంచి తెల్లవారుజామున అయిదు గంటలవరకు లేవకుండా ఉండడం నూటికి 70 మందికి మూడు నెలలకు, 83 మందికి ఆరు నెలలకు వచ్చింది. ఇక్కడ “లేవకుండా” అన్న మాటకు తల్లులకు తెలియకుండా అని అర్థం. 1979లో థామస్ ఆండర్స్ అనే అమెరికన్ వైద్యుడు రాత్రంతా చలనచిత్రం తీసి చూస్తే, తొమ్మిది నెలల పిల్లలుకూడ రాత్రి మేలుకొంటూనే ఉన్నారు. కొందరు కాసేపు కళ్ళు తెరచి, వేలు చప్పరించి, మళ్ళీ నిద్రపోయినారు. కొందరు అమ్మను పిలిచినారు. లండన్ లెక్కలో మరొక అంశంకూడ ఉన్నది. ఒకసారి కుదుటపడిన శిశువులలో సగంమంది అయిదో నెలకూ తొమ్మిదో నెలకూ మధ్య మళ్ళీ రాత్రి లేవడం ప్రారంభించినారు. కంటికి కనబడని అమ్మ ఎక్కడో ఉన్నదని బిడ్డకు తెలియవచ్చేది ఆ వయసులోనే.